హాట్ టబ్ నీళ్ల సంగతి

నల్లగొండలో ఇంట్లో హాట్ టబ్ (బుడగలొచ్చే వేడినీటి తొట్టి) పెట్టించుకున్నామంటే చుట్టాలందరూ ధర అడుగుతారు కానీ, నీళ్ల సంగతి ఎవరూ అడగరు. అసలు పని అంతా అక్కడే ఉంది. ఈత కొలనుతో పోలిస్తే టబ్బులో నీరు కొద్ది, పైగా క్రిములను చంపే క్లోరిన్ వేడి వల్ల త్వరగా తరిగిపోతుంది. అందువల్ల దిగే ముందు ప్రతిసారీ పరీక్ష పట్టీ ముంచి, క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 3 పాళ్లు), నీటి ఆమ్ల-క్షార స్థాయిని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉన్నాయని చూసుకున్నాకే మేము కాలు పెడతాము. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ ఉన్నా దాని పదును తగ్గుతుంది. అశ్రద్ధ చేస్తే ఆ గోరువెచ్చని నీటిలో లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరిగి, బుడగలతో లేచే సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది.

మా వైపు బోరు నీటితో మరొక చిక్కు, కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలు. నీరు వేడెక్కితే హీటరుకు సున్నపు పొర కడుతుంది కాబట్టి, ఆ కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్టనర్ గుండా పంపిన తర్వాతే నింపుతాము. తాగడానికి వచ్చే మిషన్ భగీరథ నీళ్లను దీనికి వాడటానికి నాకు మనసొప్పదు. ఇక మా నల్లగొండ భూగర్భ జలాల్లో పేరుమోసిన ఫ్లోరైడ్ అంటారా, ఆ ముప్పు ప్రధానంగా తాగే నీటితోనే గానీ స్నానంతో కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మా ఊరి పేరే ఉన్నా, అది తాగునీటి కోసం పుట్టినది.

వేడిని 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వము. సుమారు మూడు నెలలకోసారి నీళ్లన్నీ తీసేసి, టబ్బు కడిగి, మళ్లీ నింపుతాము. క్లోరిన్ పొడిని నీటిలో వేయాలే గానీ, పొడి మీద నీళ్లు పోయకూడదు.