ఆర్‌సీఐ నంబరు కోసం నేను పడ్డ తిప్పలు

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) నుంచి నిన్న నా రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. ఇక నేను చట్టప్రకారం క్లినికల్ సైకాలజిస్టుని, అంటే మానసిక సమస్యల్ని పరీక్షించి, మాటలతో చికిత్స చేసేదాన్ని. ఎం.ఏ. సైకాలజీ, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. ఇష్టంగానే చదివాను. ఆన్‌లైన్ దరఖాస్తు, ఫీజు ఒక పూటలో అయిపోయాయి.

ఏడిపించిందల్లా నా పేరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఎం.ఫిల్. సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరానికి కుదించేశారు. ఆ రెండు పేర్లూ నావేనని రాసివ్వమంటే యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అఫిడవిట్ అడిగారు. ఇచ్చాను. పేపర్లో ప్రకటన వేయించమన్నారు. వేయించాను. తీరా వెళ్తే సూపరింటెండెంట్ గారు సెలవు. ఆయన వచ్చిన రోజు నా అఫిడవిట్ మీదే టీ గ్లాసు పెట్టుకుని, క్యూలో పిల్లలంతా వింటుండగా, "పిచ్చోళ్లతో కబుర్లు చెప్పడానికి ఇన్ని కాగితాలెందుకమ్మా? బోర్డు పెట్టేసుకో, ఎవరడుగుతారు?" అన్నారు.

తల కొట్టేసినట్టయింది. గొంతు వణుకుతున్నా చెప్పాను: "1992 ఆర్‌సీఐ చట్టం అడుగుతుంది సార్. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ." ఆయన మాట్లాడకుండా గ్లాసు తీసి సంతకం పెట్టారు. కాగితం మీద గుండ్రటి టీ మరక అలాగే ఉండిపోయింది.

అయినా ఆ వెయ్యి రూపాయలకి ఎవరు భయపడతారు? వారాంతపు కోర్సు చేసి బోర్డు కట్టినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చచ్చిపోవాలనుందని చెప్పిన పిల్లని "ధైర్యంగా ఉండమ్మా" అని పంపించేస్తే ఆ ప్రాణానికి ఎవరు పూచీ? ఆ ఆలోచన గురించి సూటిగా అడగాలి, ఒంటరిగా వదలకూడదు. మాకు మొదట నేర్పేది అదే.

నేను రాసిన ఐక్యూ (తెలివితేటల పరీక్ష) రిపోర్టుని మా సైకియాట్రిస్టు ఒక్కటి కూడా వెనక్కి పంపలేదు. కానీ నాకు నంబరు లేదు కాబట్టి కింద సంతకం ఇన్నాళ్లూ వేరొకరిది. ఎం.ఏ.తో చక్కగా కౌన్సెలింగ్ చేస్తున్న నా స్నేహితురాలి పరిస్థితి ఇంకా అన్యాయం. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం సైకాలజిస్టుల్నీ కౌన్సెలర్లనీ జాబితాలో చేర్చింది గానీ, ఆమె చేతికి ఇంకా ఏ నంబరూ రాలేదు.

కోర్సులో చేరిన రోజే పేరు మెమోలో ఉన్నట్టే రాయించుకోండి. ఏ ఆఫీసులో కాగితం ఇచ్చినా అది అందినట్టు ఇన్‌వార్డు నంబరు వేయించుకోకుండా కదలకండి. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లేవాళ్లు ఆర్‌సీఐ నంబరు అడగడానికి మొహమాటపడకండి. నన్ను అడిగినా సంతోషంగా చూపిస్తాను.