రోహిణి కార్తె రాకముందే బానెట్ ఎత్తండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, కార్ల బ్యాటరీలు, రబ్బరు గొట్టాలు, పాత టైర్లు మాత్రం ఆ రోజుల్లో వరసపెట్టి పోతాయి. నిజానికి అవి శివరాత్రి నాటికే సగం పోయి ఉంటాయి, మే నెల వాటిని బయటపెడుతుందంతే. అందుకే మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, ఓ గంట దీనికి కేటాయించండి. ఒక డిజిటల్ మల్టీమీటర్, టైర్ గేజ్, 10 నంబర్ పానా, టార్చి, పాత టూత్‌బ్రష్ ఉంటే చాలు.

ముందు బ్యాటరీ. బ్యాటరీకి చలి పడదని చాలామంది అనుకుంటారు. మంచు దేశాల్లో అది నిజమే. రెంటచింతలలోనో రామగుండంలోనో దాన్ని చంపేది ఎండే. బానెట్ కింద వేడికి లోపలి ప్లేట్లు తొందరగా తుప్పు పడతాయి, యాసిడ్‌లోని నీళ్లు ఇగిరిపోతాయి. మన ఎండల్లో బ్యాటరీ మూడు నాలుగేళ్లు వచ్చిందంటే బాగా వచ్చినట్టే.

కొలిచే పద్ధతి ఇదీ. రాత్రంతా ఆపి ఉన్న బండిని పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందే చూడాలి. డోరు తీసి బానెట్ ఎత్తాక, మళ్లీ డోరు మూసి పది నిమిషాలు ఆగండి, లోపలి లైట్లు, కంప్యూటర్లు నిద్రపోతాయి. మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించండి. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 కి దిగితే ముందు చార్జింగ్ పెట్టించి, అప్పుడు మళ్లీ చూడాలి. ఇంతకుముందే తిప్పి తెచ్చిన బండికి మీటర్ పెట్టి 12.8 ఉందని మురిసిపోవద్దు. అది పైపై చార్జి, గంటల్లో దిగిపోతుంది.

ఇప్పుడు ఇంట్లో ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, మీరు మీటర్ చూస్తూ ఉండండి. ఆ రెండు సెకన్లలో అంకె 10 పైన నిలిస్తే బ్యాటరీలో సత్తువ ఉన్నట్టు. చార్జి నిండుగా ఉండి కూడా 9.6 కిందికి పడితే దాని రోజులు దగ్గరపడ్డాయి. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఏసీ వేసి మూడోసారి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటడం లేదంటే తప్పు ఆల్టర్నేటర్‌దో (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జి చేసేది), దాని బెల్టుదో. అది చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేయించుకుంటే నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది. 15 దాటితే ఆ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం.

టెర్మినళ్ల మీద తెల్లగానో నీలంగానో పొడి పేరుకుంటే కరెంటు సరిగా పారదు. ‘కట్ కట్’ మని శబ్దం వచ్చి సెల్ఫ్ తిరగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం: మైనస్ ముందు విప్పాలి, ప్లస్ తర్వాత. బండి బాడీ అంతా మైనస్‌కి కలిసి ఉంటుంది కాబట్టి, ప్లస్ ముందు విప్పుతుండగా పానా ఇనుముకి తగిలితే అక్కడికక్కడే నిప్పులు లేస్తాయి. మైనస్ తీసేశాక తగిలినా ఏమీ కాదు. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసి జేబులో వేసుకోండి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్దితే బుసబుసమని పొంగి పొడి కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల సందుల్లోకి దిగకూడదు. తుడిచి, ఆరనిచ్చి, ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి, పైన పల్చగా వాజలిన్ రాయండి. గ్రీజు కన్నా అదే మేలు. తర్వాత గడియారం టైమ్ మారిపోయినా, ఒక్క నొక్కుకి అద్దం పూర్తిగా ఎక్కకపోయినా కంగారు పడక్కర్లేదు. చాలా బళ్లలో అద్దం పూర్తిగా ఎక్కించి స్విచ్‌ను ఇంకో రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుంటే సర్దుకుంటుంది.

మూతలున్న రకం బ్యాటరీ అయితే టార్చి వేసి లోపలికి చూడండి. ప్లేట్లు మునిగి పైన ఓ సెంటీమీటరు నీరుండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు పనికిరావు, యాసిడ్ అసలే వద్దు. ఇగిరింది నీళ్లే కదా, యాసిడ్ ఎక్కడికీ పోలేదు. కొత్తది కొనాల్సి వస్తే పాతదాని మీది నంబరు ఫోటో తీసుకెళ్లండి. 38బి20ఎల్ అని ఉందనుకోండి, అందులో 20 అంటే సెంటీమీటర్లలో పొడవు, చివరి అక్షరం ప్లస్ ఏ పక్కన ఉండేదీ చెబుతుంది. ఎల్ బదులు ఆర్ తెస్తే కేబుల్ అందదు.

రెండోది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిదే. లోపల ఒత్తిడి నిలిపి ఉంచుతుంది కాబట్టే వంద డిగ్రీలు దాటినా లోపలి ద్రవం మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కాబట్టి చూసేది చల్లటి ఇంజిన్ మీదే, అదీ పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో. మట్టం మిన్, మాక్స్ గీతల మధ్య ఉండాలి.

తగ్గితే ఏం పోయాలి? ఇక్కడే ఎక్కువమంది చేతులు కాల్చుకుంటారు. వేడినీళ్ల గిన్నె అడుగున తెల్లటి పొర చూశారుగా, బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే పొర కడుతుంది. మళ్లీ గోకి తీయడానికి అక్కడ చెయ్యి పట్టదు. కలిపి అమ్మే కూలెంట్ అయితే నేరుగా పోయొచ్చు. చిక్కటిది అయితే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, మామూలుగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపాలి. పచ్చదానికి పచ్చది, గులాబీదానికి గులాబీది అనుకోవద్దు. రంగు కంపెనీ ఇష్టం, దానికి ఒక ప్రమాణం లేదు. మాన్యువల్లో రాసిన రకం చూసుకోండి. డబ్బా పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టండి. తియ్యగా ఉంటుంది, విషం.

ఒకసారి నింపాక నెలలోనే మళ్లీ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. గొట్టాల క్లిప్పుల దగ్గర ఎండిన రంగు మరక కనిపిస్తే అదృష్టం, చిన్న పనితో పోతుంది. బయట మరక లేకుండా తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపిస్తే, ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఇక బండి నడపకండి.

ఫ్యాన్ సంగతి రెండు నిమిషాల పని. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేస్తే కాసేపట్లో రేడియేటర్ వెనక ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి, ఇంజిన్ ఆపినా కొన్ని బళ్లలో అది దానంతట అదే తిరుగుతుంది. హైవే మీద ఇంజిన్ వేడి చూపే సూది ఎర్ర గీత వైపు వెళ్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, పక్కకి తీసి ఆపేయండి. మేలో హీటర్ ఏమిటని నవ్వొచ్చు గానీ, అది ఇంజిన్ వేడిని లాగి లోపలికి వదిలే చిన్న రేడియేటరే.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత పెట్టాలన్నది డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్లో ఉంటుంది. టైరు పక్కన రాసిన అంకె గరిష్ఠం, అది పెట్టించకూడదు. ఎండలో యాభై కిలోమీటర్లు నడిచాక గేజ్ నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని బంకులో గాలి తీయించేవాళ్లున్నారు, పెద్ద పొరపాటు. చల్లారాక టైరు మెత్తబడుతుంది, మెత్తటి టైరు పక్కలు వంగి వంగి ఇంకా వేడెక్కుతాయి. ఎండాకాలం టైర్లు పేలడానికి ఎక్కువగా తక్కువ గాలే కారణం. నైట్రోజన్‌కి డబ్బులు పెట్టడం మీ ఇష్టం. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు మార్చాల్సిందే, గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మలు ఆ గుర్తే. గాడి బాగున్నా వయసు చూడండి. పక్కన డీఓటీ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019 లో 23వ వారం. ఆరేళ్లు దాటి పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే దాంతో తిరుపతి ప్రయాణం పెట్టుకోకండి. స్టెప్నీలో గాలి కూడా చూడండి, దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

ఏసీ గాలి సన్నగా వస్తోందంటే గ్యాస్ పట్టించే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనక సన్నటి మూత, దాని లోపల ఫిల్టర్. ఆకులు, వెంట్రుకలు, అప్పుడప్పుడు ఎలుక తెచ్చి దాచిన పల్లీ తొక్కలు కూడా ఉంటాయి. కాగితంది కడగొద్దు, మార్చండి. బాణం గుర్తు పాతదానికి ఎటు ఉందో అటే. ఎలుకలకి బానెట్ కింద పొగాకు కాడలు కట్టడం మంచిదే, కానీ ఘాటు పోయాక ఎలుకలు వాటి మీదే కూర్చుంటాయి, కాడలు వారానికోసారి మార్చాలి.

ఏసీ వేసుకుని తిరిగొచ్చాక బండి కింద నీళ్లు కారుతుంటే వేలితో తాకి చూడండి. రంగు, జిడ్డు, వాసన లేకపోతే అది ఏసీ నీరు, కారాల్సిందే. అది కారడం మానేసి, పక్క సీటు కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తుంటే ఆ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయింది. బండి కింద దాని చివర దొరికితే సన్నటి ప్లాస్టిక్ జిప్ టై మెల్లగా పైకి తోసి చూడండి. మట్టి కదిలిందంటే ఆగిన నీళ్లు ఒక్కసారిగా మోచేతి మీదుగా దిగుతాయి.