పంపింగ్ బాగుంది సరే, మరి ఆయాసం ఎందుకు?

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఈఎఫ్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి పోయే వంతు, 60 శాతం అని ఉంటే చాలు, "గుండె బాగానే ఉందమ్మా, గ్యాసో టెన్షనో అయ్యుంటుంది" అని పంపించేస్తుంటారు. అరవై దాటి, బీపీ, షుగర్, ఒళ్లు ఉన్న ఆడవాళ్లకు ఆ ఒక్క అంకె చూసి హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి కావాల్సినంత పని చేయలేకపోవడం) లేదని తేల్చేయడం తప్పు.

మగవాళ్లలో ఎక్కువగా కనిపించే దారి వేరు. గుండెపోటు వచ్చి కండరం కొంత చచ్చిపోతుంది, ఎడమ జఠరిక (రక్తాన్ని ఒంట్లోకి పంపే కింది గది) సాగిపోతుంది, ఈఎఫ్ 40కో అంతకన్నా కిందకో దిగుతుంది. అది ఎకోలో ఇట్టే దొరుకుతుంది. ఆడవాళ్లలో ఎక్కువగా జరిగేది ఇంకొకటి: ఏళ్ల తరబడి బీపీకి జఠరిక గోడ మందమై బిగుసుకుపోతుంది. పిండటం బాగానే పిండుతుంది, వదులవడమే రాదు. లోపలికి 120 మి.లీ. వచ్చి 74 బయటికి పోయినా, 80 మాత్రమే వచ్చి 50 పోయినా ఈఎఫ్ దాదాపు 62 శాతమే! ఆ తేడా ఈఎఫ్ అంకెలో కనపడదు, మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. లోపల పట్టక రక్తం వెనక్కి ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెడుతుంది.

అందుకే అదే ఎకోలో మరో మూడు చూడమని అడగండి: ఎడమ కర్ణిక (పై గది) పెద్దదైందా, ఈ బై ఈ-ప్రైమ్ (గుండె నిండేటప్పుడు లోపలి ఒత్తిడిని అంచనా వేసే అంకె) ఎంత, ఊపిరితిత్తుల ధమనిలో ప్రెషర్ 35 దాటిందా. గుండె మీద ఒత్తిడి పడితే పెరిగే ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ రక్తపరీక్ష పనికొస్తుంది గానీ, లావుగా ఉన్నవాళ్లలో అది తక్కువ చూపిస్తుంది. నార్మల్ వచ్చిందని ఊరుకోకూడదు.

కాళ్ల వాపు ఒక్కటే ఉండి, ఆయాసం గానీ బరువు పెరగడం గానీ లేకపోతే ముందు బీపీ మాత్ర పేరు చూడండి. ఆమ్లోడిపిన్ వల్ల చీలమండలు వాయడం ఆడవాళ్లలోనే ఎక్కువ.

ఈఎఫ్ బాగున్నా గుండె బిగుసుకుపోయే ఈ రకం జబ్బుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు (రోజుకు 10 మి.గ్రా.) ఆసుపత్రి పాలవడాన్ని తగ్గిస్తాయని 2021, 2022ల్లో వచ్చిన పెద్ద పరీక్షల్లో తేలింది. వీటితో మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఆడవాళ్లకు కింద దురద, ఫంగస్ రావచ్చు. సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేసేవాళ్లున్నారు. చెబితే క్రీముతోనో మాత్రతోనో పోతుంది. కార్తీక సోమవారం కటిక ఉపవాసం ఉండేవాళ్లు, వాంతులతో తిండి పోనివాళ్లు మాత్రం ఆ రోజుల్లో ఈ మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టర్ని ముందే అడగాలి, ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో చేయాల్సింది: పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకి ముందు, అదే తూకం మీద బరువు రాసుకోవడం. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

ఇక వయసులో ఉన్నవాళ్ల సంగతి. గర్భం చివరి నెల నుంచి కాన్పయ్యాక ఐదు నెలల దాకా కొందరిలో గుండె కండరమే బలహీనపడుతుంది, ఈఎఫ్ 45 కిందకి పోతుంది. వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం బాలింత నీరసం కాదు, వెంటనే ఎకో తీయించాలి. చాలామందిలో మళ్లీ కోలుకుంటుంది. అయినా ఇంకో బిడ్డను అనుకునే ముందు కార్డియాలజిస్టును కలవాలి: ఎనలాప్రిల్, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ లాంటి గుండె మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, వాటిని మార్చేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి.