త్రేన్పుల్లో పోతున్న మేత

వేసవిలో మా గేదెలకు వరిగడ్డే దిక్కు. ఈసారి నాన్న ఎట్టకేలకు యూరియాతో మాగబెట్టడానికి ఒప్పుకున్నారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి, పొరపొరకూ చల్లి, బాగా తొక్కి, గాలి చొరబడకుండా 3 వారాలు మూసి ఉంచాలి. పట్టా తీసినప్పుడు ఆ ఘాటుకు కళ్లు మండిపోయాయి. కాసేపు ఆరబెట్టి వేశాం. గేదెలు మొదట మూతి తిప్పుకున్నాయి కానీ, తర్వాత తొట్టి అడుగు దాకా నాకేశాయి!

ఉత్త వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. పీచు నిదానంగా అరుగుతుంది. యూరియాతో మాగబెడితే ఈ రెండూ మెరుగవుతాయి. పీచు అరిగే క్రమంలో పుట్టే హైడ్రోజన్‌ను పొట్టలోని సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువుగా మారుస్తాయి, గేదె దాన్ని త్రేన్పుతో వదిలేస్తుంది. తిన్న మేతలోని శక్తిలో సుమారు 6 శాతం అలా పోతుంది. వాతావరణం సంగతి అటుంచండి, అది మనం డబ్బు పెట్టి కొన్న మేత.

అయితే మంచి మేత వేయగానే మీథేన్ మాయమవుతుందనే మాట నేను నమ్మను. రుచి మరిగిన గేదె ఎక్కువ తింటుంది, ఒక్కోసారి ఎక్కువే వదులుతుంది. తగ్గేది లీటరు పాలకు పడే వాటా. ఒట్టిపోయిన గేదె పాలివ్వకపోయినా త్రేన్చడం మానదు కదా!

ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వేయకూడదు. వాటి కోసం పచ్చిగడ్డి కోసే పని ఇంకా నాదే.