టాంకర్ డీజిల్‌కు పైసలేవి?

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఊరి పల్లె ప్రకృతి వనానికి వెళ్లి చెట్లు లెక్కపెట్టి వచ్చాను. గేటు పక్క వరుసలో మేం నాటినవి ఇరవై నాలుగు కానుగలు. ఇప్పుడు మిగిలినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ లేత చిగురేసి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మిగతా చోట ఎండుపుల్లలు, వాటికి కట్టిన తాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

2019 నుంచి 2024 ఫిబ్రవరి 1 దాకా నేను మా ఊరి ఉపసర్పంచ్‌ని. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలి. కుట్టుమిషన్ మీద చెక్‌బుక్ పెట్టుకుని ఎన్ని సంతకాలు చేశానో! ఊరి పైసలు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో అట్లా తెలిసింది.

2019 సెప్టెంబరులో ఊళ్లను బాగుచేసే సర్కారు పథకం పల్లె ప్రగతి మొదలైంది. ముప్పై రోజుల్లో పాడుబడ్డ ఇండ్లు తీసేశాం, పాత బావులు పూడ్చాం. తర్వాత పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, టాంకర్ వచ్చాయి. వైకుంఠధామం కట్టాం. అంతకుముందు మా ఊళ్లో వానాకాలం ఎవరైనా పోతే, కట్టెలు అంటుకునేదాకా వాగు ఒడ్డున గొడుగులు పట్టుకుని నిలబడేవాళ్లం. మా అత్తమ్మను అట్లాగే సాగనంపాం. అందుకే ఆ రేకుల షెడ్డు లేచిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఈ పథకాన్ని ఊరికే తీసిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను.

కానీ కట్టడానికి వచ్చినట్టు, కాపాడుకోవడానికి పైసలు రావు. కేంద్రం నుంచి ఊళ్లకు వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021 నుంచి 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు, అయితే జీతాలకు మాత్రం ముట్టుకోవద్దనేవాళ్లు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని చట్టం. కాగితం మీద బాగానే ఉంది. నెల తిరిగేసరికి ట్రాక్టర్ కిస్తు, కరెంటు బిల్లు, సఫాయి వాళ్ల జీతాలు. మాలాంటి చిన్న ఊరి ఇంటిపన్ను ఏ మూలకు? సర్పంచన్న మిత్తికి తెచ్చి పనులు చేయించాడు. కొన్ని బిల్లులు దిగిపోయేనాటికీ రాలేదు. ఆ మిత్తి కట్టడానికి ఆయన భార్య పుస్తెలతాడు కుదువ పెట్టింది.

మా పదవీకాలం అయిపోయాక ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు రాదు, అది నిబంధన. ఊరికి ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన మీద మరో నాలుగు ఊళ్ల బరువు. ఆ ఎండాకాలం ట్రాక్టర్ పంచాయతీ ముందే నిలబడిపోయింది. దాని కింద కోళ్లు పండుకునేవి. ఓ రోజు ట్రాక్టర్ డ్రైవర్ మా ఇంటికే వచ్చాడు.

"అక్కా, డీజిల్ లేదు. చెట్లు సచ్చిపోతున్నయ్, బండి ఎట్ల తియ్యాలె?"

నా సంతకం అప్పటికే చెల్లదు. మహిళా సంఘంలో తలా కొంత వేసుకుని మూడు వారాలు నీళ్లు పోయించాం. నాలుగో వారం చేతులెత్తేశాం. ఆ తొమ్మిదీ ఆ మూడు టాంకర్లకు బతికినవే.

2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి ఊరికి కొత్త పాలకవర్గం వచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. పైనున్నవాళ్లను నేను అడిగేది ఒక్కటే: శిలాఫలకానికి ఇచ్చే పైసల పక్కనే డీజిల్‌కూ, మోటారు రిపేరుకూ నెలనెలా ఇంత అని రాయండి. ఎన్నికలు ఆలస్యమైనా దాన్ని ఆపకండి. ఎన్నికలు పెట్టకపోవడం చెట్ల తప్పు కాదు, ఊరి తప్పు అంతకన్నా కాదు.

కొత్త ఉపసర్పంచ్ మా కింది వాడకట్టు కోడలు. నిన్న చెక్‌బుక్ పట్టుకుని వచ్చి, "అత్తా, ఎక్కడ చూసి సంతకం పెట్టాలె?" అని అడిగింది. చూపించాను. పదిహేను గుంతల లెక్క కూడా చెప్పాను. నర్సరీలో కానుగ మొక్కలు మోకాలెత్తు ఉన్నాయట. వానలు పడగానే నాటుదామంది.