టేపు సారు, నల్లమద్ది దుంగ

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్లు వెంటపడ్డారు. నల్లమల అడవిలోని మన ఊరు దిగువమెట్ట అనగానే మీలో సగం మంది బోగద రైలు సొరంగం, మీటరు వెడల్పు పట్టాల మీద నడిచిన మీటరు గేజి బండి గురించి రాస్తారని తెలుసు. నేను మన లెక్కల మాస్టారు టేపు సారుతో సరిపెడతా.

స్థూపం పాఠం రాగానే సారు క్లాసును కట్టెల డిపోకు పిల్చుకుపోయేవారు. దుంగ పొడవుకు సరిగ్గా మధ్యన సుద్దతో గీత. అక్కడ చుట్టుకొలత తీసి, అందులో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించాలి. చుట్టు 1.2 మీటర్లు, పొడవు 4 మీటర్లయితే 0.36 ఘనపు మీటర్లు. పుస్తకంలో సూత్రం పెడితే 0.46 దాకా వస్తుంది. "మిగతాది ఎవరు మింగినారు సార్?" అన్నవాడు ఇప్పుడు ఆడిటరు, పేరు చెప్పక్కర్లేదు. అది కోతలో పోయే వాటా. దుంగను నలుచదరం చేస్తే పక్క చెక్కలు, పొట్టు పోవాల్సిందే.

తప్పంతా టేపు దగ్గరే. వంకరగా చుడితే కొలత పెరుగుతుంది. మధ్యలో బుడిపె ఉంటే దానికి అటూ ఇటూ సమాన దూరంలో కొలిచి సగటు తీయాలి. కింద మట్టి అంటుకుని ఉంటే అదీ కలపే అయిపోతుంది, అందుకే వంచిన తీగతో ముందు గీకి, అదే తీగతో దుంగ కింద నుంచి టేపు లాగడం. అన్నిటికన్నా మోసం నల్లమద్ది బెరడు. మొసలి వీపులా పగిలి, మందంగా ఉంటుంది. 2 సెంటీమీటర్ల బెరడు మీదనే కొలిస్తే చుట్టు 12 సెంటీమీటర్లకు పైగా పెరిగి, 0.36 కాస్తా 0.44 అవుతుంది. కొన్నవాడు బెరడుకు కూడా డబ్బు కట్టినట్టే. గీత ఉన్నచోట చుట్టూ బెరడు చెక్కి కొలవమనేవారు సారు.

ఇక స్లీపర్లు, అంటే రైలు పట్టాల కింద అడ్డంగా వేసే కట్టె దిమ్మెలు. మీటరు గేజి స్లీపరు 180 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 11.5 మందం. ఆ పొడవున్న దుంగకు సన్నపు కొన దగ్గర చుట్టు మీటరుంటే రెండొస్తాయి. మూడోది కావాలంటే 1.3 ఉండాలి. 1.2 ఉన్నా రెండే! పరీక్షలో సగం మంది అక్కడే బోల్తా.

1980 అటవీ సంరక్షణ చట్టం, పులుల అభయారణ్యం వచ్చాక డిపో కథ ముగిసింది. 1990ల్లో వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజి పడి దారి మారింది, పాత రైలు దారిలోని దొరబావి వంతెన పక్కన మిగిలిపోయింది. మన బ్యాచిలో రైల్వేకు పోయినవాళ్లు రిటైరయ్యేనాటికి పట్టాల కింద దాదాపు అంతా కాంక్రీటు స్లీపర్లే. ఊరి గుర్తుగా పాత స్లీపరుతో తలుపు చేయించాలని గ్రూపులో ఉబలాటపడుతున్న వాళ్లకు ఒక మాట: మిల్లుకు వేసేముందు మేకులు దిగిన బొక్కల చుట్టూ అయస్కాంతం తిప్పండి. లోపల విరిగిన మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి, ఆ ఖర్చు మీ నెత్తినే వేస్తారు.