మా ఆఫీసు అగ్నిప్రమాద భద్రతా ప్రణాళిక: నా అనుభవం

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగి, ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయిన తరువాత, మా ఆఫీసుకు అగ్నిప్రమాద భద్రతా ప్రణాళిక తయారుచేసే బాధ్యతను యాజమాన్యం నాకు అప్పగించింది. పాత ప్రణాళిక ఒకటి ఫైలులో ఉంది గాని, అందులో పేర్లున్నవారు చాలామంది ఉద్యోగం మానేశారు. అందువల్ల దాన్ని పక్కన పెట్టి, సెక్యూరిటీ గార్డును వెంటబెట్టుకుని మెట్ల మీదుగా కిందనుంచి పైదాకా నడిచాను.

లోపాలన్నీ ఆ మెట్ల దారిలోనే బయటపడ్డాయి. మలుపులో ఎవరివో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. తనంతట తానే మూసుకోవలసిన ఫైర్ డోర్‌ను, గాలి రావడం లేదని, ఇటుక అడ్డుపెట్టి తెరిచి ఉంచారు. ఆ తలుపు తెరిచి ఉంటే కింద పుట్టిన పొగ మెట్ల గుండానే పైకెక్కి, మనం దిగవలసిన దారిని మూసేస్తుంది. టెర్రస్ తలుపుకు తాళం వేసి ఉంది. దొంగల భయం గురించి ఓనర్ల సంఘం వారు చెప్పినది కొట్టిపారేయదగ్గది కాదు. చాలా చర్చల తరువాత, మెట్ల వైపునుంచి నెడితే తాళంచెవి లేకుండా తెరుచుకుని, అవతలి వైపునుంచి తెరుచుకోని పానిక్ బార్ బిగించడానికి ఒప్పుకున్నారు.

మంటలార్పే సిలిండర్ల దగ్గర నేను ఎక్కువ సమయం గడిపాను. పౌడర్ సిలిండర్‌కు గేజి ఉంటుంది కాబట్టి ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూడవచ్చు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజి ఉండదు, తూకం వేసి, గ్యాసు పది శాతానికి మించి తగ్గితే మళ్లీ నింపించాలి. మా సర్వర్ గదిలోని సిలిండర్‌కు తనిఖీ చేసినట్లు సంతకంతో చీటీ వేలాడుతున్నా, కాటా మీద పెడితే దాదాపు ఖాళీదని తేలింది. అప్పటినుంచి నా ఎదుటే తూకం వేయిస్తున్నాను.

మాక్ డ్రిల్‌లో సగంమంది అలవాటుగా లిఫ్టు వైపే నడిచారు. అందరూ చేరిన చోటు ఫైరింజను లోపలికి వచ్చే గేటే కావడంతో దాన్ని రోడ్డు అవతలి ఖాళీ స్థలానికి మార్చాము. చేతికర్రలతో నడిచే సహోద్యోగిని దింపడానికి, ఆమెను అడిగి, ఇద్దరిని నియమించాము.

కరెంటు కేబుళ్లు వెళ్లే డక్టు మాత్రం మిగిలింది. ప్రతి అంతస్తులోనూ స్లాబు దగ్గర మూసి ఉండవలసిన ఆ డక్టు కిందనుంచి పైదాకా తెరిచే ఉంది. లోపలి పాత ఫైళ్లూ చీపుర్లూ తీయించాము. మంటకు తట్టుకునే పదార్థంతో మూయించడానికి కొటేషన్లు వచ్చాయి, సంఘం తీర్మానం కావలసి ఉంది.